నగ్నమూల పద్యం: టీకా, తాత్పర్యం

అవతారిక: కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీలలో ఆర్కిడ్ మొక్కను కొని ఇంటికి తెచ్చిన గృహస్థుడికి, కుండీ, బొగ్గు, పెంకులు సమకూరేలోగా దాని వేళ్లను ఎలా కాపాడాలన్న చింత కలుగుతుంది. ఆ చింత తీర్చడానికి పుట్టిందే ఈ ఆటవెలది. దీనికి తాళపత్ర ప్రతులు లేవు, పాఠాంతరాలు లేవు. వ్యాఖ్యానించడానికే రాసిన పద్యం కనుక కాలనిర్ణయం గురించి పండితులు తగవులాడవలసిన పని లేదు.

మూలం:

వేరు తెల్లనైన వేళ నీరొసగుమా
పచ్చగున్నయపుడు పట్టరాదు
గాలి లేని చోట గదిమి కట్టిన వేళ్ళు
కుళ్ళి నల్లబడును కొసలనుండి

ప్రతిపదార్థం: వేరు = (జాత్యేకవచనం కనుక) మొక్కకున్న వేళ్లన్నీ; తెల్లనైన వేళ = వెండి రంగుకు తిరిగినప్పుడు; నీరు + ఒసగుమా = నీరివ్వు; పచ్చగున్నయపుడు = ఆకుపచ్చగా ఉన్నప్పుడు; పట్టరాదు = (నీరు) పట్టకూడదు; గాలి లేని చోట = ప్లాస్టిక్ సంచి, మూత పెట్టిన బకెట్ మొదలైన చోట్ల; గదిమి కట్టిన వేళ్ళు = కుక్కి బిగించిన వేళ్లు; కొసలనుండి = చివరలు మొదలుకొని; కుళ్ళి నల్లబడును = స్పష్టం.

తాత్పర్యం: వేరు అడిగినప్పుడు నీరివ్వాలి, అడగనప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడూ గాలి ఆడనివ్వాలి.

విశేషాలు: "తెల్లనైన" అన్న మాట చూసి బూజు పట్టిందని భయపడేవారు ఉన్నారు. వాండా, డెండ్రోబియం, ఫలనాప్సిస్ వంటి చెట్లెక్కి బతికే ఆర్కిడ్ల వేళ్లకు వెలామెన్ అనే తొడుగు ఉంటుంది. అది చనిపోయిన కణాల పొర, పొడిగా ఉన్నప్పుడు గాలి నిండి తెల్లగా మెరుస్తుంది, తడిసినప్పుడు పారదర్శకమై లోపలి పత్రహరితాన్ని బయటపెడుతుంది. కాబట్టి రంగు ఇక్కడ అలంకారం కాదు, దాహాన్ని తెలిపే కొలమానం. ఇక వేలితో నొక్కితే గట్టిగా నిలిచిన వేరు బతికి ఉన్నట్టు. తొడుగు జారిపోయి చేతిలో సన్నని దారం మాత్రమే మిగిలితే అది పోయినట్టు.

"ఒసగుమా" అన్నారు కదా, అయితే పగలంతా బకెట్‌లో ముంచి ఉంచవచ్చునా అని పూర్వపక్షం. కూడదని సిద్ధాంతం. ఉదయాన పది పదిహేను నిమిషాలు ముంచి, వేళ్లు పచ్చబడగానే తీసి, నీరు కారిపోయేలా వేలాడదీసి, ఆకుల సందున నిలిచిన నీటిని దులిపివేయాలి; ఫలనాప్సిస్‌కు ఆ మొవ్వులోనే ప్రాణం ఉంటుంది గనుక అక్కడ రాత్రంతా నీరు నిలిస్తే మొక్కే కుళ్లుతుంది. కోనసీమ తీరపు ఉప్పునీటి బోర్ల కన్నా పట్టి ఉంచిన వాననీరు మేలు. రోహిణి కార్తె వడగాడ్పుల్లో వేరు గంటల్లోనే తెల్లబడుతుంది గనుక సాయంత్రం మరోసారి నీరు చిలకరించడం పద్యానికి విరుద్ధం కాదు. శ్రావణ ముసురులో మాత్రం రెండవ పాదానిదే రాజ్యం.

వేళ్లు బయటపడి ఉండటం మొక్కకు దైన్యం అనుకోవడం గృహస్థుడి భ్రమ. మన్యంలో మామిడి కొమ్మను పట్టుకుని పెరిగే వాండా టెస్సెలేటాకు జీవితకాలమంతా కుండీ అంటే తెలియదు. 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా సామర్లకోటలో ఉండి, మిరియాల సాగు ప్రయత్నాల నడుమ ఈ ప్రాంతపు మొక్కలకు బొమ్మలు గీయించిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథం తొలి సంపుటంలో దీన్ని ఎపిడెండ్రం టెస్సెలేటం అనే పేరుతో వర్ణించాడు. విదేశీ మొక్కలు మట్టి లేకుండా రావడం కూడా వ్యాపారి పిసినారితనం కాదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు మట్టి అంటిన మొక్కను దేశంలోకి రానివ్వదు.

"కొసలనుండి" అన్న పదం వ్యర్థం కాదు: పెరుగుతున్న కొసకు వెలామెన్ ఇంకా ఏర్పడదు, అందుకే అది ముందుగా చెడుతుంది. నల్లబడిన మేరకు మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో కోసి, కోసిన మొఖానికి మాత్రమే దాల్చినచెక్క పొడి అద్ది, ఒక రోజు తడి తగలకుండా ఉంచాలి. ఆ పొడిని మంచి వేళ్ల మీద చల్లితే అవి ఎండిపోతాయి. వేలాడదీసే చోటుకు వస్తే, నేరుగా ఎండ పడని తూర్పు వసారా చాలు, అంతకు మించిన వైభవం అక్కర్లేదు.

కొత్త వేరు పచ్చని మొనతో బయలుదేరడమే కుండీలో నాటడానికి సరైన ముహూర్తం. అప్పటికీ బొగ్గు, పెంకుముక్కలు దొరకలేదని ఒండ్రులో పాతాలని ఎవరైనా సలహా ఇస్తే వినకూడదు. లంకమట్టిని అరటికీ కందకూ విడిచిపెట్టి, ఆర్కిడ్‌ను మరో పక్షం రోజులు అలాగే వేలాడనివ్వండి.