ముప్పై కిలోల లాండ్రీ యంత్రం జీవితకథ

ఒకే డ్రమ్ములో బట్టలను ఉతికి, జాడించి, చివర వేగంగా తిరిగి నీళ్లు పిండేసే యంత్రాన్ని వాషర్ ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్ల బట్టల పని చాలావరకు దీని మీదే నడుస్తుంది. ఈ కథ అలాంటి ఒక యంత్రానిదే. దీని సామర్థ్యం 30 కిలోలు. 75 సెంటీమీటర్ల వ్యాసం గల స్టెయిన్‌లెస్ స్టీల్ డ్రమ్ము, త్రీ ఫేజ్ మోటారు, ఆ మోటారు వేగాన్ని మార్చే ఇన్వర్టర్ దీని ముఖ్య భాగాలు. హైదరాబాద్‌లో ఒక హోటల్లో పని మొదలుపెట్టి, తర్వాత ఒక ఆసుపత్రికి చేరి, ఇప్పుడు తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో రజక సంఘం నడిపే ధోబీఘాట్‌లో తిరుగుతోంది. మూడు చోట్లా యంత్రం అదే. దాని ఆయుష్షును పెంచినవీ తగ్గించినవీ మాత్రం ఎక్కువగా దాని బయటే ఉన్నాయి: కింది నేల, లోపలికొచ్చే నీరు, దాని తలుపు మూసే మనిషి.

సామర్థ్యం అంటే పొడి బట్టల బరువు. కిలో బట్టకు పది లీటర్ల డ్రమ్ము చోటు ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన లెక్క. ఈ యంత్రం డ్రమ్ము 300 లీటర్లు, కనుక 30 కిలోలు. అంతకన్నా చిన్న డ్రమ్ముకు కూడా 30 కిలోలని రాసి అమ్మేవాళ్లున్నారు. అందుకే కొనేవాళ్లు కిలోలు అడగడంతో ఆగకుండా లీటర్లు కూడా అడగాలి. హోటల్ వేసుకున్న లెక్క సులువైనది. 60 గదులు, గదికి దుప్పట్లూ తువ్వాళ్లూ కలిపి రోజుకు నాలుగు కిలోలు, మొత్తం 240 కిలోలు. ఒక లోడు గంటలోపు అయిపోతుంది కాబట్టి ఒక షిఫ్టులో ఎనిమిది లోడ్లు. లెక్క కుదిరింది గానీ అందులో యంత్రం ఆగిపోయే రోజుకు చోటు లేదు. అంత పనికి ఒక పెద్ద యంత్రం కంటే రెండు చిన్నవి మేలు. ఒకటి మరమ్మతులో ఉన్నా సగం గదులకైనా దుప్పట్లు అందుతాయి.

కొనేటప్పుడు ధర తర్వాత చూడాల్సిన అంకె పిండే బలం. డ్రమ్ము తిరిగే వేగాన్ని బట్టి బట్ట మీద పడే బలాన్ని భూమ్యాకర్షణకు ఇన్ని రెట్లు అని కొలుస్తారు. ఉతికేటప్పుడు ఈ డ్రమ్ము నిమిషానికి 42 చుట్లు తిరుగుతుంది. అప్పుడు బలం ముప్పావు రెట్టు మాత్రమే, కాబట్టి బట్ట పైదాకా లేచి నీళ్లలో పడుతుంది. ఆ పడటమే ఉతుకు. వేగం 49 దాటితే బట్ట గోడకు అంటుకుపోయి ఉతుకు ఆగిపోతుంది. పిండేటప్పుడు కావలసింది సరిగ్గా ఆ అంటుకోవడమే. 500 చుట్లకు బలం 105 రెట్లు, 900 చుట్లకు 340 రెట్లు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది కనుక అంకెలు ఇలా ఎగబాకుతాయి.

కరెంటు బిల్లును తేల్చేదీ ఈ తేడాయే. వంద రెట్ల బలంతో పిండిన నూలు తువ్వాళ్లలో వాటి పొడి బరువులో ఎనభై శాతానికి పైగా నీరు మిగిలిపోతుంది. 340 రెట్లకు అది దాదాపు సగానికి దిగుతుంది. 30 కిలోల లోడులో ఆ తేడా సుమారు తొమ్మిది లీటర్లు. లీటరు నీటిని ఆవిరి చేయడానికి సిద్ధాంతం ప్రకారం 0.63 యూనిట్లు చాలు. డ్రయ్యర్‌లో వేడి వృథా కూడా కలుపుకుంటే ఒక యూనిట్ దాకా పడుతుంది. అంటే తక్కువ వేగపు యంత్రం ప్రతి లోడుకూ డ్రయ్యర్ మీద తొమ్మిది యూనిట్ల భారం పెడుతోంది. కొనేనాడు చవకగా దొరికిన యంత్రం ఆ మిగులును ఏడాది తిరక్కుండానే కరెంటు బిల్లులో తిరిగి వసూలు చేసుకోగలదు.

ఎక్కువ వేగానికి తగిన నేల కావాలి. తడి బట్టలు ఒక పక్కకు ముద్దగా చేరి కిలో తేడా వచ్చినా, 340 రెట్ల దగ్గర అది 340 కిలోల గుంజుడు. కాళ్లను నేలకు బోల్టులతో బిగించే యంత్రాల్లో ఆ గుంజుడంతా కాంక్రీటు మీదే పడుతుంది కాబట్టి వాటిని తక్కువ వేగంతో నడుపుతారు, మందమైన ఆర్‌సీసీ పునాది పోస్తారు. రెండో రకంలో డ్రమ్మును స్ప్రింగుల మీద, షాక్ అబ్జార్బర్ల మీద నిలబెడతారు. ఈ యంత్రం ఆ రకం. హోటల్ మొదటి అంతస్తులో దీన్ని నిలపగలిగింది అందువల్లే.

స్ప్రింగుల యంత్రానికి రవాణాలో ప్రమాదం ఎక్కువ. దారిలో డ్రమ్ము ఊగకుండా కర్మాగారంలో కొన్ని పట్టీలు బిగించి పంపుతారు. నడిపే ముందు వాటిని తీయాలి, దాచాలి, మళ్లీ యంత్రాన్ని కదిలించేటప్పుడు తిరిగి బిగించాలి. హోటల్ నుంచి ఆసుపత్రికి తరలించినప్పుడు ఆ పట్టీలు ఎవరికీ దొరకలేదు. లారీ కుదుపులకు ఒక షాక్ అబ్జార్బర్ వంగింది. కొత్త చోట మొదటి వారమంతా యంత్రం పిండే దశకు రాగానే అసమతుల్యత స్విచ్చు పడి ఆగిపోయేది. తప్పు స్విచ్చుదేనని దాన్ని రెండుసార్లు మార్చాక గానీ కింద ఉన్న అసలు కారణం బయటపడలేదు.

ఉతుకు శాస్త్రం నాలుగు విషయాల మీద నిలుస్తుంది: మందు, వేడి, కదలిక, సమయం. 1959లో జర్మనీలో హెంకెల్ సంస్థ రసాయన శాస్త్రవేత్త హెర్బర్ట్ సిన్నర్ దీన్ని ఒక వృత్తంగా గీసి చూపించాడు. ఒకటి తగ్గితే మిగిలినవి ఆ లోటు పూడ్చాలి. తెలుగు నేల మీద రజకుల పనిలో ఈ నాలుగూ అంతకు ఎంతో ముందే ఉన్నాయి. చౌడు మట్టిలోని క్షారం మందు, బానలో ఉడకేయడం వేడి, బండ మీద బాదడం కదలిక, రాత్రంతా నానబెట్టడం సమయం. ఈ యంత్రం చేసేది ఆ పనినే, గంటలోపు. ఈ వృత్తి జ్ఞానానికి దక్కాల్సినంత గౌరవం ఎన్నడూ దక్కలేదు.

మామూలు తెల్ల దుప్పట్ల లోడు ఇలా సాగుతుంది. ముందు చల్లటి నీళ్లతో ఒక తడుపు. తర్వాత క్షారం, జిడ్డు విడగొట్టే మందు వేసి తక్కువ నీళ్లలో అసలు ఉతుకు. 120 లీటర్లను 30 డిగ్రీల నుంచి 70కి వేడి చేయడానికి దాదాపు ఐదున్నర యూనిట్లు అవుతుంది. ఆపైన బ్లీచు, ఎక్కువ నీళ్లతో రెండు మూడు జాడింపులు, చివరి జాడింపులో క్షారాన్ని విరిచే కొద్దిపాటి ఆమ్లం. ఈ ఆఖరి మెట్టును ఖర్చు పేరుతో మానేసే చోట్ల దుప్పట్లు ఇస్త్రీ వేడికి పసుపుబారతాయి, పడుకున్నవారి ఒంటికి దురద పెడతాయి. క్లోరిన్ బ్లీచును 60 డిగ్రీలు దాటిన నీళ్లలో వేస్తే మరకతోపాటు నూలు కూడా తినేస్తుంది.

మన హోటళ్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది పసుపు మరక. క్షారం తగలగానే అది ఎర్రగా మారుతుంది. మరక ముదిరిందని భయపడి ఇంకా క్షారం పోయడం సహజంగా జరిగే పొరపాటు. హైడ్రోజన్ పెరాక్సైడ్, తర్వాత ఎండ దీనికి విరుగుడు. పసుపులోని రంగు వెలుతురుకు నిలవదు.

నీటి సంగతి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రాన్ని అన్నిటికంటే ఎక్కువ అరగదీసింది అదే. రాతినేలలో వేసిన బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాములదాకా అంగీకరిస్తుంది, వేరే నీరు లేకపోతే 600దాకా అనుమతిస్తుంది. ఉతుకుడుకు అది 50 లోపు ఉంటే మంచిది. కాఠిన్యం పెరిగేకొద్దీ మందులో కొంత భాగం మురికి మీద పనిచేయకుండా లవణాలతోనే సరిపోతుంది. హీటర్ కడ్డీల మీద తెల్లటి పెంకు కడుతుంది. ఆ పెంకు వేడిని నీటిలోకి పోనివ్వదు, కడ్డీ లోలోపల కాలిపోతుంది. తువ్వాళ్లు గరుకెక్కుతాయి. ఆసుపత్రిలో ఈ యంత్రానికి వేసవిలో ట్యాంకర్ నీళ్లు పట్టేవారు. ఒక్కో ట్యాంకర్ ఒక్కో బోరుది. మందు కొలత మాత్రం రోజూ అదే. రెసిన్ పడకతో నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ ఉండేది గానీ, దానికి ఉప్పు నీళ్లు పెట్టి రెసిన్‌ను తిరిగి సిద్ధం చేసే పని ఎవరి బాధ్యతో తేలలేదు. ఉప్పు పెట్టని సాఫ్ట్‌నర్ గుండా నీరు ఎలా వచ్చిందో అలాగే పోతుంది. కాఠిన్యం పరీక్షించే చుక్కల మందు సీసా చవక. రోజూ ఉదయం ఒక గ్లాసు నీళ్లలో చూస్తే సరిపోతుంది.

ఆసుపత్రి ఉతుకు వేరు. రక్తం అంటిన బట్టను నేరుగా వేడి నీళ్లలో వేస్తే మాంసకృత్తులు గడ్డకట్టి మరక శాశ్వతమవుతుంది. అందుకే మొదటి తడుపు 40 డిగ్రీలకు తక్కువలో జరగాలి. ఆ తర్వాత సూక్ష్మజీవులను చంపే వేడి: బ్రిటన్ ఆరోగ్య సేవల మార్గదర్శకాల ప్రకారం 65 డిగ్రీల దగ్గర కనీసం పది నిమిషాలు లేదా 71 దగ్గర కనీసం మూడు నిమిషాలు. బట్టల ముద్ద మొత్తం ఆ వేడికి చేరడానికి పట్టే సమయం దీనికి అదనం. శస్త్రచికిత్స గదుల్లో వాడే క్లోర్‌హెక్సిడిన్ మందు బట్టకు అంటి ఉంటే, దాని మీద క్లోరిన్ బ్లీచు పడిన వెంటనే గోధుమరంగు మరక ఏర్పడుతుంది. అది ఇక పోదు. అక్కడ పెరాక్సైడే వాడాలి. పెద్ద ఆసుపత్రుల్లో రెండు తలుపుల యంత్రాన్ని గోడలో కట్టి, మురికి బట్టలు ఒక గది నుంచి వేసి, శుభ్రమైనవి అవతలి గదిలోకి తీస్తారు. ఈ యంత్రానికి ఉన్నది ఒకే తలుపు. కాబట్టి అక్కడ శుభ్రతంతా మనిషి జాగ్రత్త మీదే ఆధారపడింది. మూటల్లో అప్పుడప్పుడు వాడేసిన సూదులు వచ్చేవి. వార్డులో ఒకరు చేసిన నిర్లక్ష్యం లాండ్రీలో ఇంకొకరి వేలికి గుచ్చుకునేది. మందమైన చేతితొడుగులు ఇవ్వడం ఆసుపత్రి కనీస ధర్మం.

తలుపు తాళం గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి. డ్రమ్ము పూర్తిగా ఆగి, నీళ్లు పోయేదాకా తలుపు తెరుచుకోకుండా ఒక ఇంటర్‌లాక్ ఉంటుంది. అది చెడితే వైరు ముక్కతో కలిపేసి నడిపించే అలవాటు చాలా చోట్ల ఉంది. తిరిగే తడి దుప్పటి చేతికి చుట్టుకుంటే చెయ్యి మిగలదు. ఇంటర్‌లాక్ పనిచేయని యంత్రాన్ని ఆ రోజుకు ఆపేయాలి, ఎన్ని దుప్పట్లు మిగిలినా సరే. వెనక మూత తీసి పనిచేసేటప్పుడు మెయిన్ స్విచ్చు ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవిని పనిచేసేవారు తమ జేబులోనే ఉంచుకోవాలి.

నిర్వహణలో చాలా భాగం రోజూ పది నిమిషాల పని. తలుపు రబ్బరును తుడవాలి, మందుల గొట్టాలు కారుతున్నాయేమో చూడాలి, పని ముగిశాక తలుపు తెరిచి ఉంచాలి. వారానికోసారి నీటి వాల్వుల దగ్గరి జాలీలు తీసి కడగాలి. అవి పూడుకుంటే నీళ్లు నిండడం ఆలస్యమై ఒక్కో లోడుకు ఐదారు నిమిషాలు పెరుగుతాయి, ఎవరూ గమనించరు. కొత్త బెల్టులు మొదటి కొన్ని రోజుల్లో సాగుతాయి, మళ్లీ బిగించాలి. మందు పంపుల్లోని మెత్తటి గొట్టాలు నలిగి నలిగి చచ్చుబడతాయి. వాటిని కొన్ని నెలలకోసారి మార్చకపోతే మందు తక్కువ పడుతుంది, నింద మందు మీదకు పోతుంది. పక్కనున్న డ్రయ్యర్ జాలీలో నూగు పేరుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. మసాజ్ నూనె, వంటనూనె సరిగా వదలని తువ్వాళ్లను వేడివేడిగా కుప్ప పోస్తే అవి వాటంతటవే రాజుకోగలవు. డ్రయ్యర్‌లో చివరి చల్లబరిచే దశను తగ్గించకూడదు.

అన్నిటికన్నా ఖరీదైన జబ్బు బేరింగులది. డ్రమ్ము వెనక ఇరుసు మీద రెండు బేరింగులు, వాటికీ నీళ్లకూ మధ్య రబ్బరు సీళ్లు ఉంటాయి. సీలు అరిగితే నీళ్లు ముందు ఒక చిన్న రంధ్రం గుండా బయటికి కారేలా ఏర్పాటు చేస్తారు. ఆ రంధ్రం కింద తుప్పు చార కనిపించిందంటే బేరింగుకు ఇంకా ఎక్కువ కాలం లేదు. అప్పుడే సీళ్లు మారిస్తే ఖర్చు కొద్దిపాటిది. ఈ యంత్రానికి ఆసుపత్రిలో ఆ చార చాలాకాలం కనిపించింది, రోజూ తుడిచారు. చివరికి పిండేటప్పుడు విమానం లేచినంత మోత వచ్చాక బేరింగులు, సీళ్లు, గాటుపడ్డ ఇరుసు అన్నీ మార్చాల్సి వచ్చింది. గ్రీజు తక్కువైతే బేరింగు పోతుంది. ఒకేసారి గట్టిగా కొట్టి నింపితే సీలు బయటికి తన్నుకొస్తుంది. యంత్రం పుస్తకంలో రాసిన కొలత, రాసిన గంటలకోసారి పెట్టాలి.

పాతదాన్ని కొన్న రజక సంఘం పెద్దలు దీన్ని చూసిన తీరు బాగుంది. తలుపు తెరిచి డ్రమ్ము అంచును రెండు చేతులతో పైకెత్తి వదులు ఉందేమో చూశారు. చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నారు. డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే మూడు చేతుల వెనక పగుళ్లేమైనా ఉన్నాయేమోనని టార్చి వేశారు. నియంత్రణ బోర్డు ఇంకా దొరుకుతుందా అని అడిగారు. ఇనుప పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, బోర్డు మాత్రం దొరకాలి.

రజకుల లాండ్రీలకు, ధోబీఘాట్లకు తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది. నీళ్లు వేడి చేయడం కూడా కరెంటుతోనే అయితే లోడుకు ఏడు యూనిట్లు, ఆ లెక్కన నెలకు 35 లోడ్లకే అది చెల్లిపోతుంది. వేడి నీళ్లు సౌర హీటర్ నుంచి వస్తే మోటారుకయ్యేది సుమారు ఒకటిన్నర యూనిట్లే, కాబట్టి 160 లోడ్ల పైచిలుకు నడుస్తాయి. సంఘం రెండో దారి ఎంచుకుంది. డ్రయ్యర్ కొనలేదు, తాళ్ల మీద ఎండ ఉంది. పసుపు మరకలకూ అదే మేలు. అక్కడ వచ్చిన చిక్కు కరెంటు కోతలది. ఈ రకం యంత్రంలో కరెంటు పోగానే నీళ్లు వదిలే వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, మందూ వేడీ కలిసిన నీళ్లు కాలవ పాలవుతాయి. కోత వేళలు తెలుసుకుని లోడు వేయడం మొదలుపెట్టాక ఆ నష్టం తగ్గింది.

మరమ్మతు ఖర్చు పాత యంత్రం విలువను దాటిన నాడు దీన్ని తుక్కుకు అమ్మాలి. డ్రమ్ము, తొట్టి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్. అయస్కాంతం వాటికి దాదాపు అంటదు, చట్రానికి అంటుతుంది. ఆ రెండిటినీ విడదీసి తూకం వేయించాలి, ఎందుకంటే స్టీల్‌కు వచ్చే ధర ఇనుముకు రాదు. మోటారు, ఇన్వర్టర్, వాల్వులు, తలుపు మరో యంత్రానికి విడిభాగాలుగా పనికొస్తాయి. నియంత్రణ బోర్డును తుక్కు ఇనుముతో కలపకుండా ఇ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.