స్కూటరెక్కిన గంగమ్మ

ఎలక్ట్రిక్ స్కూటర్లు అమ్మే కుర్రాళ్లకు కంపెనీలు బోలెడు నేర్పి పంపుతాయి. టచ్ స్క్రీనూ, దారి చూపే మ్యాపూ, ఎత్తెక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టుకునే ఏర్పాటూ, దొంగ చెయ్యి వేస్తే ఫోనులో మోగే అలారమూ. షోరూములో ఆ కుర్రాడు ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంటాడు. ఇంటాయన అన్నింటికీ తలూపుతుంటాడు. ఇల్లాలు మాత్రం వంగి, సీటుకీ హ్యాండిలుకీ మధ్య జానలు పెట్టి కొలుస్తుంటుంది.

"బాబూ, ఇక్కడ ఇరవై లీటర్ల క్యాను పడుతుందా?"

"నిలబెడితే పడుతుంది మేడమ్."

"బండి తిప్పేటప్పుడు హ్యాండిల్ తగలదుగా?"

తగలదన్నాడా, బేరం కుదిరినట్టే. గాలిని ఎలా చీల్చాలో కంప్యూటర్ల మీద లెక్కలు కట్టి మరీ గీసిన బండి అది. లక్ష పైచిలుకు పోసి ఇంటికి తెచ్చుకున్నాక హైదరాబాద్ కాలనీల్లో దానికి దొరికే పర్మనెంటు ఉద్యోగం, వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి పది రూపాయల నీళ్లు మోయడం. ఈ మాట ఏ కంపెనీ తన ప్రకటనలో వెయ్యదు. వేస్తే అమ్మకాలు పెరుగుతాయని నా ఉద్దేశం.

గంగ విష్ణుమూర్తి పాదాల దగ్గర పుట్టిందంటారు. ఆ తర్వాత శివుడి నెత్తికెక్కింది. భగీరథుడు నానా తంటాలు పడి నేలకు దించాడు. ఇన్ని యుగాలు తిరిగాక మళ్లీ పాదాల దగ్గరికే చేరింది. కాకపోతే ఈసారి పాదాలు మా పక్కింటాయనవి, చోటు ఫుట్‌బోర్డు.

ఆయన నీళ్లు తెచ్చే వైభవం చూసి తీరాలి. క్యాను నిలబెట్టాక కాళ్లకు చోటుండదు. మోకాళ్లు ఒకటి తూర్పుకూ, ఒకటి పడమరకూ చూస్తుంటాయి. ఈ బండ్లకు చాలావాటికి ఇంకో గుణం ఉంది. యాక్సిలరేటర్ వదలగానే బ్యాటరీకి కాస్త కరెంటు వెనక్కి పంపుకుంటూ తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఆ శాస్త్రం క్యానులో నీళ్లకు తెలియదు. అవి వెళ్లే దారిన ముందుకే ఉరుకుతాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వదులు మూత సందులోంచి గుక్కెడు నీళ్లు ఎగిరి ప్యాంటు మీద పడతాయి, అదీ పడకూడని చోట. ఆయన ఇంటికొచ్చి ముందు క్యాను దించడు, చొక్కా కిందికి లాక్కుంటాడు. చుట్టాలొచ్చిన రోజున రెండో క్యాను వెనక సీటెక్కుతుంది, పాత సైకిల్ ట్యూబు కట్టుతో. ఆ రోజు వాళ్లావిడ ఆటోలో వస్తుంది.

ఆయన ఊళ్లో లేకపోతే ఆ డ్యూటీ టెన్త్ చదివే కొడుక్కి. వాడికి వేరే చిన్న బండి ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగానే లెక్కవెయ్యదు. లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. వాడికి అక్కర్లేనిది ఇంకొకటి ఉంది, అద్దంలో వెనక్కి చూడటం.

ఇంతకీ వీళ్లింట్లో నల్లా లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2021లో మొదలైన పథకం పుణ్యమా అని నెలకు 20 వేల లీటర్ల దాకా నీటి బిల్లే లేదు. ఊరికే వచ్చే ఆ 20 వేల లీటర్లతో గిన్నెలు తోముతారు, బండి కడుగుతారు. కడిగిన బండేసుకుని 20 లీటర్లు కొనుక్కురావడానికి బయల్దేరతారు.

పోనీ ఆ నల్లా నీళ్లు తేరగా వచ్చాయా? గండిపేట చెరువు 1920లో కట్టినప్పుడు నీళ్లు వాలు చూసుకుని, యూనిట్ కరెంటు అడగకుండా ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లదాకా నడిచొచ్చేవి. ఇప్పుడు అవతల ఎల్లంపల్లి నుంచి గోదావరిని, ఇవతల నాగార్జునసాగర్ నుంచి కృష్ణను పంపుల మీద పంపులు పెట్టి ఎత్తి తెస్తున్నాం. ఒక్క గోదావరి గొట్టమే 180 కిలోమీటర్ల పైమాట. సాగర్ దగ్గరేమో అదే కృష్ణ చేత టర్బైన్లు తిప్పించి కరెంటు తీస్తున్నాం. నీళ్లతో తీసిన కరెంటు పోసి నీళ్లు లాగుతాం. ఆ నీళ్లు మనకు ఆనవు గనక ప్లాంటువాడు ఇంకాస్త కరెంటు పోసి బోరు నీళ్లు తోడతాడు. మరికాస్త కరెంటుతో వాటిని పొరల్లోంచి తోసి, అందులో పెద్ద వాటా కాలవలోకి వదిలేస్తాడు. మిగిలినవి కరెంటు బండెక్కుతాయి. ఆ బండికి రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి రోడ్డు ట్యాక్సు మాఫీ. కాలుష్యం తగ్గించినందుకు!

నల్లా నీళ్లంటే ఇంత భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఫిల్టర్లు అమ్మేవాడు ఇంటికొచ్చి రెండు గ్లాసులు అడుగుతాడు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో తను తెచ్చిన నీళ్లు పోసి, రెంటిలోనూ కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతాడు. నిమిషంలో నల్లా నీళ్లు బురదరంగుకు తిరిగి, పైన తెట్టు కడుతుంది. "ఇదమ్మా మీ పిల్లలు తాగుతున్నది" అంటాడు. ఇంటిల్లిపాదీ గుండె పట్టుకుంటుంది. ఆ రంగు నీళ్లది కాదు, వాడి కడ్డీది. మామూలు నీళ్లలో లవణాలుంటాయి గనక కరెంటు పారుతుంది, పారితే కడ్డీలో ఇనుము కరిగి రంగు దిగుతుంది. లవణాలన్నీ లాగేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. అంటే నీళ్లలో పడ్డ తుప్పుకు మనమే ప్లగ్గు ఇచ్చాం, మీటరు కూడా మనదే. తర్వాత వాడు నీళ్లలో కరిగిన లవణాల లెక్క చెప్పే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు తీస్తాడు. భారత ప్రమాణాల సంస్థ 500 దాకా పర్వాలేదంటుంది. కాలనీ ఒప్పుకోదు. "మావి ముప్ఫై" అని ఒకావిడ అంటే "మావి ఇరవై రెండే" అని ఇంకొకావిడ. ర్యాంకులు చెప్పుకుంటున్నారేమో అనుకున్నాను మొదట. ఫ్లోరైడుతో వంకర్లు తిరిగిన నల్లగొండ ఊళ్లవాళ్లు నీళ్లకు భయపడ్డారంటే అర్థం ఉంది. గోదావరి, కృష్ణ రెండూ ఇంటికొచ్చేవాళ్ల భయం వేరే.

వానాకాలం సీను ఇంకా రంజుగా ఉంటుంది. బ్యాటరీ మీద ఐపీ67 అని రాసుంటుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి చుక్క దిగదని. ఆ ధీమాతో పక్కింటాయన మోకాలి లోతు రోడ్డులో దిగుతాడు. చుట్టూ కనుచూపుమేర నీళ్లు, నడుమ ఆయన, ఆయన కాళ్ల మధ్య కొనుక్కున్న నీళ్లు.

మొన్న అలాంటి వానలోనే క్షేమంగా గేటు దాటాడు. తీరా అపార్ట్‌మెంటులో కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. క్యాను వాచ్‌మన్ భుజమెక్కి ఐదో అంతస్తు చేరింది. పక్కింటావిడ ఆయాసపడుతున్న అతన్ని చూసి జాలిపడి ఓ గ్లాసు నీళ్లిచ్చింది.

"వద్దమ్మా, నాకు ఈ నీళ్లు పడయి. కిందికి పోయి నల్లా నీళ్లు తాగుతా."

"అయ్యో, ఆ నీళ్లు తాగకయ్యా! మోకాళ్ల నొప్పులొస్తాయి" అందావిడ, మెట్లు దిగుతున్న అతని వెనక నుంచి.