ఆడరైతులకు యాప్ చేస్తున్నారా? కొన్ని తలకిందుల సలహాలు

మహిళా రైతుల కోసం ఏదైనా డిజిటల్ పని తలపెట్టారా? అయితే ముందు ఆ పని ఆపండి. కోడ్ రాసే కుర్రాళ్లకు ఓ రెండు నెలలు సెలవిచ్చి, మీరు మీసేవ కేంద్రానికి వెళ్లండి. ఊళ్లో ఏ చెక్క ఎవరి పేరున ఉందో తీయించండి. భర్త చనిపోయి ఏళ్లు గడిచినా భూమి ఇంకా ఆయన పేరునే ఉన్న ఆడవాళ్లెవరో డ్వాక్రా సంఘాన్ని అడిగి రాసుకోండి. మీ మొదటి డిజిటల్ సేవ విరాసత్ దరఖాస్తే, అంటే వారసుల పేరుకు భూమి మార్పించే దరఖాస్తే కావాలి. వాతావరణం, మార్కెట్ ధర, తెగుళ్ల ఫొటో అన్నీ తర్వాత.

ఎందుకంటారా? కంప్యూటర్‌లో రైతు సాయం చాలావరకు పట్టాదారు పేరు పట్టుకునే నడుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన లెక్కన దేశంలో ఆడవాళ్లు కమతదారులుగా ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే. పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు రికార్డుల్లో భూమి ఉన్న కుటుంబానికే. కౌలుకు చేసుకునే ఒంటరి ఆడమనిషి సంగతి ఇంకా కష్టం. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. అందులో కౌలుదారుకు కార్డు ఇవ్వాలంటే భూయజమాని ఒప్పుకోవాలన్నారు, గడువు 11 నెలలు పెట్టారు. ఆయన సంతకం పెట్టనంటే ఆమె ఏ జాబితాలోనూ లేదు. తుపాను వస్తుందని మీరు ఆమెకు మెసేజ్ పంపగలరు. తుపానుకు పంట పోతే పరిహారం మాత్రం ఇప్పించలేరు.

రెండో సలహా. ఫోన్లు పంచకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు దేశంలో మూడో వంతు, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఈ అంకె చూడగానే తలా ఒక ఫోన్ కొనిద్దామనిపిస్తుంది. కొనిచ్చిన ఫోన్ వారం తిరక్కుండా కొడుకు చేతిలోనో పెనిమిటి జేబులోనో ఉంటుంది. అందుకని ఆమెను తప్పుపట్టే పని లేదు, ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది ఎవరికి వెళ్తుందో మనకు తెలియంది కాదు. పదిహేను మందికి ఒక్క తెర పెట్టండి. అది సంఘానిది కాబట్టి ఎవరూ పట్టుకుపోలేరు.

డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఈ దారే పట్టింది. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలై, 2008లో విడి సంస్థ అయింది. బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్‌ను సంఘం మీటింగ్‌కు తీసుకెళ్లి గోడ మీద వీడియో వేస్తారు. అందులో కనిపించేది పక్క ఊరి రైతే. చూసేవాళ్లు మొదట అడిగేది కూడా అదే: ఈమె ఎవరు, ఏ ఊరు?

అందుకే వీడియోలో శాస్త్రవేత్తను కూర్చోబెట్టకండి. అందంగా ఎడిట్ కూడా చేయొద్దు. విత్తనశుద్ధికి బీజామృతం కలిపే వీడియో అనుకోండి. అయిదు కిలోల పేడ, అయిదు లీటర్ల ఆవు మూత్రం, ఇరవై లీటర్ల నీళ్లు, గుప్పెడు మట్టి అన్నీ తొట్టిలో పడ్డాయి. ఆమె సున్నం చేతిలోకి తీసుకుంది. వెనక వరసలోంచి ఒకామె లేచి, ‘ఆపమ్మా, సున్నం ఎంతేసిందో సరిగా కనబడలా, మళ్లీ తిప్పు’ అంటుంది. ‘50 గ్రాములు’ అని కింద అక్షరాలు వేస్తే ఆమెకు అందదు. ఆ సున్నం అరచేతిలో ఎంత జాగా పట్టిందో కనిపిస్తే అందుతుంది. బొమ్మ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించే మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి ఆ ఊరి కోడలే కావాలి, ఆమెకు నెలనెలా జీతం ముట్టాలి. మీ బడ్జెట్‌లో సర్వర్ కన్నా ముందు ఆమె పేరు రాయండి.

పాత సరుకని రేడియోను పక్కన పడేయకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. మైకు ముందు కూర్చునేదీ, మీటలు నొక్కేదీ ఆ ఊళ్ల ఆడవాళ్లే. కొర్రలు, జొన్నలు, విత్తనం దాచుకునే తీరు, అన్నీ వాళ్ల యాసలోనే. రాత్రి ఏడు గంటలకు కార్యక్రమం మొదలవుతుంది. ఆ వేళను ఎంచిందెవరో గానీ, ఆడమనిషి రోజు ఎలా గడుస్తుందో బాగా తెలిసినవాళ్లు. వింటూ పొయ్యి దగ్గర పని చేసుకోవచ్చు. తెర అయితే రెండు కళ్లూ, ఒక చెయ్యీ దానికే ఇవ్వాలి.

దీన్నిబట్టే ఇంకో మాట. పగలు ఏమీ పంపకండి. కలుపు తీసేటప్పుడు ఆమె ఫోన్ పాలిథిన్ కవర్లో చుట్టి రవికలోనో, గట్టు మీద అన్నం సంచిలోనో ఉంటుంది. అయిదు నిమిషాల్లో గడువు తీరే ఓటీపీ పదకొండింటికి వస్తే ఎవరికి వచ్చినట్టు? వేలిముద్ర మిషన్‌ను కూడా నమ్ముకోవద్దు. పత్తి ఏరీ ఏరీ కాయ మొనలు గీసుకున్న బొటనవేలిని ఆమె కొంగుకు తుడిచి పెడుతుంది, ఎర్ర లైటు. చూపుడువేలు పెడుతుంది, మళ్లీ ఎర్ర లైటు. ‘రేపు రామ్మా’ అంటారు. రేపంటే ఒక రోజు కూలి. వేలు పడకపోతే సంఘం అధ్యక్షురాలి సాక్ష్యం చాలునన్న ఏర్పాటు మీ పద్ధతిలోనే రాసి ఉంచండి.

ఇక అందరూ మెచ్చుకునే సలహాను మీ యాప్‌లోంచి తీసేయమంటాను. కలుపు మందు సలహా. మందు కొడితే ఎకరానికి ఖర్చు తగ్గుతుంది, నిజమే. తగ్గిన ఆ ఖర్చు ఎవరి చేతికి వెళ్లే డబ్బు? కలుపు కూలికి వెళ్లేది ఆడవాళ్లే. అదే ఊళ్లో రెండెకరాలు చేసుకుంటూ, మిగతా రోజులు పక్క చేలో కూలికి పోయే మనిషిని ఒక చేత్తో ఆదుకుని, రెండో చేత్తో ఆమె కూలి లాగేసినట్టవుతుంది. 2023లో మొదలైన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామంది. ఖరీదులో 80 శాతం, 8 లక్షల వరకు సాయం. ఆడవాళ్లు డ్రోన్ ఎగరేయడం నాకూ సంతోషమే. ఆ డ్రోన్ ఏ చేలో ఏ మందు కొట్టాలో తేల్చేది మాత్రం ఆ ఊరి కూలి ఆడవాళ్లు కూడా కూర్చున్న మీటింగ్ కావాలి.

చివరగా, ఎన్ని డౌన్‌లోడ్‌లయ్యాయో లెక్క రాయకండి. పంట అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఆ ఖాతాకు కలిపిన ఫోన్ నెంబరు ఎవరిది, ఆ రెండే అడగండి. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, పంట అమ్మాక ఒకసారి. నెంబరు ఆమెది కాకపోతే ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లి మార్పించండి. ఆ రోజు కూలి మీరే ఇవ్వండి.