ఎంత రీఫండ్ కావాలి సార్?

చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుకు బోర్డు కట్టుకోవచ్చు గానీ, డప్పు కొట్టుకోకూడదు. క్లయింట్ల కోసం ప్రకటనలిచ్చి, కరపత్రాలు పంచితే అది వృత్తి దుష్ప్రవర్తన అని 1949 నాటి చట్టం తేల్చేసింది. వాళ్ల ఇన్‌స్టిట్యూట్ అంతటితో ఊరుకోలేదు. టెక్నీషియన్లు, మరమ్మతు పనివాళ్లు, ఈవెంట్లు చేసేవాళ్లు ఉండే యాప్‌లలో సీఏలు పేరు ఎక్కించుకోకూడదని కూడా చెప్పింది. ఏసీ రిపేరుకూ ఐటీ రిటర్నుకూ మధ్య కాస్త మర్యాద గీత ఉండాలని కాబోలు. నన్నడిగితే ఏసీ మెకానిక్కే నయం. గది చల్లబడిందో లేదో అరగంటలో తెలిసిపోతుంది.

సీఏ నోరు కట్టేసిన చోట యాప్ నోరు తెరిచింది. ‘మీ దగ్గర్లోని ట్యాక్స్ నిపుణులు’, ‘ఉచితంగా కొటేషన్లు’ అంటూ జూన్ వచ్చిందంటే ఊపిరి సలపనివ్వదు. గడువు పెరిగితే ఈ సీజనూ పెరుగుతుంది. 2025లో జూలై 31 కాస్తా సెప్టెంబరు 15 అయి, ఆఖర్న ఇంకో రోజు సాగింది.

పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లి మేస్త్రీ మనుషుల్ని ఏరుకున్నట్టు, మనం కూడా యాప్‌లో నిపుణుణ్ని ఏరుకుంటున్నామని అనుకుంటాం. నిజానికి అడ్డా మీద నిలబడింది మనమే. ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చాక మన పేరు ‘లీడ్’. ఒకే లీడ్‌ను నలుగురికి అమ్ముకునే యాప్‌లున్నాయి. కొన్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా, ముందు ఫోన్ చేసినవాడిదే బేరం.

మా పక్క ఫ్లాట్ లెక్చరర్ గారికి జీతం, కాస్త బ్యాంకు వడ్డీ తప్ప వేరే ఆదాయం లేదు. సర్కారు పోర్టల్లో ఆయన జీతం, టీడీఎస్, బ్యాంకు వడ్డీ ముందే నింపి ఉంటాయి. సరిచూసుకుని పంపడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఎందుకైనా మంచిదని ఒక యాప్‌లో నంబరిచ్చారు. నిమిషం తిరక్కుండా ఫోను.

“నమస్తే సార్, ఐటీఆర్ ఎంక్వైరీ పెట్టారు కదండీ?”

“పెట్టానమ్మా. కాలేజీవాళ్లు ఫామ్ 16 ఇచ్చారు. ఇంకేం పంపాలి?”

“అవన్నీ మేం చూసుకుంటాం సార్. ఎంత రీఫండ్ కావాలి సార్?”

పాతికేళ్లుగా పన్ను కడుతున్న మనిషి. ఎంత కట్టాలో చెప్పేవాళ్లనే చూశారు గానీ ఎంత కావాలని అడిగేవాళ్లను చూడలేదు. ఫీజు సంగతి అడిగితే, ఫీజేమీ లేదు, వచ్చినదాంట్లో పది శాతం ఇస్తే చాలంది ఆ అమ్మాయి. ఆయన దండం పెట్టి ఫోన్ పెట్టేశారు.

ఇలా వాటా అడిగితే సీఏకు అదీ దుష్ప్రవర్తనే. కానీ అవతల ఉన్నది సీఏ అని ఎవరన్నారు? డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవాడికి అమెరికాలోనైతే పీటిన్ నంబరుండాలి, రిటర్ను మీద సంతకమూ చేయాలి. మన దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

లెక్చరర్ గారు ఫోన్ పెట్టేశారు గానీ వారి కాలేజీలోనే ఇంకొకాయన పెట్టేయలేదు. ఏ పార్టీ జెండా ఏ రంగో పట్టని ఆ పెద్దమనిషి, 80జీజీసీ కింద రాజకీయ పార్టీకి భారీ దాత అయ్యారు. తిరిగేది పాత స్కూటరు మీద, 80ఈఈబీ కింద మాత్రం ఎలక్ట్రిక్ కారు అప్పుకు వడ్డీ కట్టేస్తున్నారు. ఇంట్లో వాళ్లంతా గుండ్రాయిల్లా ఉన్నా 80డీడీబీ కింద ఒకరికి పెద్ద జబ్బు చేసింది. ఇన్ని కష్టాల మనిషికి రీఫండ్ రాకుండా ఉంటుందా? వచ్చింది. పది శాతం ఇచ్చుకుని, యాప్‌లో అయిదు నక్షత్రాలు కొట్టి, “చాలా ఫాస్ట్ సర్వీస్” అని రాశారు.

నాకు నచ్చని సంగతి ఈ నక్షత్రాలే. అవి రీఫండ్ పడిన రోజు వస్తాయి, నోటీసు ఏ ఏడాదికో వస్తుంది. “మీకు రీఫండ్ రాదండీ, ఎఫ్‌డీ వడ్డీ మీద ఇంకో మూడు వేలు మీరే కట్టాలి” అని నిజం చెప్పిన పాపానికి నికార్సయిన నిపుణుడికి మాత్రం అక్కడికక్కడే ఒక్క నక్షత్రం. ఆయన మళ్లీ లీడ్ కొంటాడా?

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపుల దందా మీద దేశమంతా సోదాలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్నులు దిద్దుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. అదే ప్రకటనలో ఇంకో ముచ్చట ఉంది. ఈ తయారీదార్లు గంపగుత్తగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి, పనయ్యాక వదిలేస్తారట. శాఖ పంపే నోటీసులు అక్కడికి వెళ్లి, చదివే దిక్కులేక పడి ఉంటాయి. కావాలని తప్పు చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా కట్టాల్సింది మాత్రం పాన్ కార్డు ఎవరిదో వాళ్లే.

అయిదు నక్షత్రాల ఆసామి సంగతి పన్ను శాఖ నుంచి కాలేజీ ఆఫీసుకు కబురొచ్చాక గానీ బయటపడలేదు. అప్పటి నంబరు పనిచేయడం లేదు. యాప్ మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. అందులో ‘నోటీసులకు జవాబులు’ అని కొత్త విభాగం కూడా తెరిచారు. నంబరిచ్చిన నిమిషంలో ఫోనొచ్చింది. ఈసారి శాతాల మాట లేదు, ఫీజు ముందే కట్టమన్నారట.