సీమలో వానెక్కడిది?

కర్నూలు నుంచి కడపకు సైకిళ్ల మీద పోదామనుకునే మిత్రబృందాలకు అనుభవం మీద చెబుతున్నా: రెయిన్‌కోటు కొనొద్దు. కడప జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వానే 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వాన మీరు బయల్దేరిన మూడు రోజుల్లోనే, అదీ మీ నెత్తినే పడాలని ఏముంది? మా ముగ్గురిలో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. పడదని కాగితం మీద లెక్క వేసి చూపించి, మిగిలిన డబ్బుతో వేయించిన చెనిక్కాయలు కొన్నాడు. వేయించిన చెనిక్కాయలు జేబులో నానితే ఎట్లుంటాయో ఇప్పుడు ఆయన్నే అడగాలి.

కొందరు 2009 గుర్తుచేసి భయపెడతారు. దేశమంతా కరువు గురించి మాట్లాడుకున్న ఆ ఏడాదే, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. నిజమే. ఒకసారి వచ్చిపోయింది కాబట్టి ఇంక రాదనుకోండి. మేమట్లే అనుకుని అక్టోబరు చివర, ఈశాన్య రుతుపవనాలు దిగే వారం చూసి బయల్దేరాం. ఎండ ఉండదని. ఆ ఒక్క విషయంలో మా అంచనా తప్పలేదు.

దోవ సంగతి. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు శుభ్రమైన జాతీయ రహదారి ఉంది, 200 కిలోమీటర్ల పైచిలుకు. అందరూ పోయేది అదే కాబట్టి మీరు పోవద్దు. కేసీ కెనాల్ గట్టు పట్టుకోండి. కర్నూలు-కడప కాలువ అని పేరులోనే ఉంది కదా, ఇంక తప్పిపోయేదెట్లా? పైగా నీళ్లకు ఎత్తెక్కడం చేతకాదు. కాలువ పక్కన పోయేవాడికి ఎక్కుడు అనేది ఉండదు. ఈ తర్కం నాదే. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ తింటూ చెప్పినప్పుడు ఇద్దరూ మెచ్చుకున్నారు.

ఆ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది, పొలాలకు నీళ్లతో పాటు పడవలూ నడపాలని. నష్టపోయి 1882లో ప్రభుత్వానికి అమ్మేసుకుంది. కాలువ అంతటా కాలువగానే పోదనీ, మధ్యలో వాగుల్లో, కుందూ నదిలో కలిసిపోయి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువగా బయటికొస్తుందనీ మాకు తర్వాత తెలిసింది. అంత దూరం పోయి ఉంటే కళ్లారా చూసేవాళ్లమే. పోలేదు. రెండోరోజు పొద్దున పది గంటలకు వాన పట్టుకుంది.

మొదటి అరగంట బాగుంటుంది. పాటలు పాడండి, వీడియోలు తీసుకోండి. తర్వాత గట్టు తెగిన చోట చేలోకి దిగండి. అది నల్లరేగడి చేను అయి ఉండేట్టు చూసుకోండి.

రేగడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎండాకాలంలో పాదం దూరేంత నెర్రెలు విచ్చే నేల అది. అందులోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు మీద ఒక పొర, దాని మీద చేలో మిగిలిన జొన్న కొయ్యలు ఒక పొర, మళ్లీ మన్ను. ఆరో చుట్టుకు మన్ను మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సిమెంటులా కూరుకుని చక్రం నిలబడిపోతుంది. పుల్లతో గీకాలి. గీకి పది అడుగులు నెడితే మళ్లీ మొదటికే. మడ్‌గార్డు విప్పేస్తే సరిపోతుందన్నాడు మాలో మూడోవాడు, బ్యాంకాయన. విప్పాం. మన్ను బ్రేకుల దగ్గర పట్టుకుంది. ఇంక సైకిలును భుజానికెత్తుకోవడమే. అప్పటికి చెప్పుల కింద జానెడు అంతస్తు లేచి, ముగ్గురం పొడుగు పెరిగి, ఉగ్గానికి పిండిన బొరుగుల్లా అయి నడుస్తున్నాం.

అక్కడ ఒక పెద్దాయన, యూరియా సంచి ఒక మూల ఇంకో మూలలోకి దోపి తలమీద కప్పుకుని, గనిమ మీద నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. పది రూపాయలు కూడా చెయ్యని ఆ సంచి కింద ఆయన తల పొడిగా ఉంది.

"యాడికి నాయనా, సైకిళ్లు మోసుకోని?"

"కడపకు, పెద్దాయనా."

"ఇది శేనికి పొయ్యే దోవ, కడపకు గాదు."

మాస్టారు మొహం తుడుచుకుంటూ, "ఈ దరిద్రపు వాన ఎప్పుడాగుతుందో" అన్నాడు. పెద్దాయన ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆ మాట ఇంగోసారి అనొద్దు సామీ. శెనగిత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకోని పదైదు దినాలాయె."

కాలువకు పైపక్కవన్నీ మెట్ట చేలు, కాలువ నీళ్లు ఎక్కవు. శనగ పడాలంటే ఈ పదును కావాలి. ఇది ఏ చిట్కాల పుస్తకంలోనూ ఉండదు కాబట్టి నేను రాస్తున్నా: సీమలో వానను పైకి తిట్టొద్దు. తిట్టాలనిపిస్తే రైలెక్కి గుంతకల్లు దాటాక తిట్టుకోండి.

రోడ్డెక్కాక చెయ్యాల్సిన పనులు కొన్ని. టైర్లలో గాలి రాయిలా కొట్టించండి, తడిసిన నాపరాయి పరిచిన ఊరివీధిలో జారడానికి అదే వీలు. తడి రిమ్ముకు రబ్బరు పట్టదు, ముందునుంచే మెల్లగా నొక్కుతూ నీళ్లు తుడుచుకోవాలని మెకానిక్కులు చెబుతారు. వినొద్దు, ఎనుము అడ్డం వచ్చినాకనే నొక్కండి. గొలుసుకు తలనూనె పూయండి. సెల్లుఫోన్లు ముగ్గురివీ ఒకే సంచిలో పెట్టండి, పోతే మూడూ ఒకేసారి పోతాయి, ఎవరికీ బాధ ఉండదు.

చివరిది చప్టా. మేం చేరేసరికి వంక పొంగి చప్టా మీద ఎర్రనీళ్లు పారుతున్నాయి. ఇట్లాంటప్పుడు మీలో అప్పులెక్కువున్నవాణ్ణి ముందు దింపమని రాద్దామనుకున్నా. ఆ సలహా మాత్రం నేనే కొట్టేస్తున్నా. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. మనుషులు పోయారు. దాని మీద ఎగతాళి చెయ్యలేను. "మోకాలి లోతే" అంటూ బ్యాంకాయన ప్యాంటు మడుస్తుంటే, కంబళి కప్పుకుని గట్టున కూర్చున్న గొర్రెల కాపరి, "నా గొర్రెలే నిలబడినాయి, నీకేం తొందరప్పా?" అన్నాడు. మోటరు కొట్టంలో ముగ్గురం, నలభై గొర్రెలూ మూడు గంటలు కూర్చున్నాం. తడి గొర్రెల వాసన ఆ వారమంతా నా బనీను వదల్లేదు.

వచ్చే నవంబరులో మళ్లీ పోతున్నాం. మాస్టారు రానన్నాడు, ఆయన సైకిలు ఖాళీగా ఉంది. వానను తిట్టని వాళ్లెవరైనా ఉంటే రండి. యూరియా సంచి మీరే తెచ్చుకోవాలి.