పందుంపుల్ల బాబాయ్ గారు

తెల్లారగట్ల ఐదింటికి నోట్లో పందుంపుల్ల, చెవి సందున చుట్ట పెట్టుకుని కాలవగట్టు మీద నడిచే పెద్దమనిషి కోనసీమలో ఊరికొకరైనా ఉంటారు. మా వీధిలో ఆయన్ని బాబాయ్ గారంటాం. పళ్ళ సంగతి తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం వేపచెట్టు. అది ఆయన పెరట్లోనే ఉంది.

పొద్దున్నే ఎవరైనా అరుగెక్కి "పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళోంచి రక్తం వస్తోందండీ" అన్నారా, అయిపోయారే.

"వేడి చేసిందబ్బాయ్!"

ఆయనకి తెలిసిన రోగం అదొక్కటే. మామిడిపళ్ళ రోజుల్లో మామిడి వేడి, పనస రోజుల్లో పనస వేడి, కార్తీకమాసంలో ఉపవాసాల వేడి. మందులు మాత్రం మనిషిని బట్టి మారతాయి. ఉద్యోగస్థుడికి కరక్కాయ, రైతుకి పటిక నీళ్ళు, వియ్యంకుడికి లవంగనూనె, తనకి బాకీ ఉన్నవాడికి ఒట్టి ఉప్పు. అందరికీ ఉమ్మడిగా ఒక పథ్యం: "నాల్రోజులు బ్రష్షు మానెయ్. రక్తం దానంతటదే కడుతుంది."

పాపం ఉప్పునీళ్ళ పుక్కిలింత తప్పేం కాదు, వాపుకి కాస్త ఉపశమనం. ప్రాణం తీసేది ఆ పథ్యమే. చిగురు అంచున పాచి పేరుకుంటేనే కదా చిగుళ్ళు వాచి రక్తం వచ్చేది! ఆ దశలో శుభ్రంగా తోముకుంటే ఒకటి రెండు వారాల్లో చిగుళ్ళు మామూలవుతాయి. తోమడం మానేస్తే ఆ పాచే గట్టిపడి గారవుతుంది. గారయ్యాక దానికి బ్రష్షూ లెక్కలేదు, పందుంపుల్లా లెక్కలేదు. పందుంపుల్ల ముందు పళ్ళని తళతళలాడిస్తుంది గానీ, వెనక దవడపళ్ళ లోపలివైపు దాకా దాన్ని వంచగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఇదంతా బాబాయ్ గారికి చెప్పబోతే పెదవులు పైకెత్తి చిగుళ్ళు చూపిస్తారు. "అరవై ఏడేళ్ళొచ్చాయి. చుక్క రక్తం చూశావా? ఆయ్! అదీ లంకపొగాకు మహిమ. పొగాకు మీద పరిశోధనకి 1947లో దేశమంతా వెతికి రాజమండ్రిలోనే కేంద్రం పెట్టారంటే, ఊరికే పెడతారా?"

స్కేలింగ్ మాటెత్తితే మాత్రం ఆయన గొంతు తగ్గిపోతుంది, శవం లేచిన ఇంటి సంగతి చెబుతున్నట్టు. "గార పళ్ళకి సిమెంటబ్బాయ్. గీకించుకున్నావో, పళ్ళన్నీ లయ కలుపుతాయి." దీనికి సాక్ష్యంగా ఎవరో రిటైరైన మేష్టారు, ఏడాది తిరక్కుండా ఆయన పెట్టుకున్న కట్టుడుపళ్ళు.

ఇలాంటి మనిషికి పోయిన పెళ్ళిళ్ళ సీజన్‌లో పన్ను ఊడింది. చేగోడీ కొరికో, చెరుకుముక్క చీల్చో ఊడితే పరువు దక్కేది. ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకుంటే ఊడింది! కాగితం కంటే పల్చన, పళ్ళులేని ముసలమ్మలు కూడా అవలీలగా తినే మిఠాయి, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నది. నొప్పి లేదు, రక్తం లేదు. పంచదార పలుకనుకుని ఆయన కాసేపు చప్పరించారు కూడా.

"రేకులో రాయుందర్రా" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

అమలాపురంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. భీమవరంలో చదువుకున్న పిల్ల. గీతలున్న సన్నటి పుల్లొకటి చిగురుకీ పన్నుకీ మధ్య దించి, పక్కనున్న నర్సుకి అంకెలు చెబుతోంది: "అయిదు... ఆరు... ఏడు..." బాబాయ్ గారి మొహంలో రంగు మారింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

"ఎంత దాటితే ప్రమాదం, అమ్మాయ్?"

"మూడు మిల్లీమీటర్లండి."

ఆ తర్వాత ఎక్స్‌రే చూపించింది. పన్ను బానే ఉంది, పన్నుని పట్టుకుని నిలబెట్టే ఎముకే సగానికి దిగిపోయింది.

"లంకలో గట్టు కోసుకుపోతే అంచునున్న కొబ్బరిచెట్టు ఏవవుద్ది, బాబాయ్ గారూ?"

"ఒరుగుద్ది."

"చెట్టుకేవన్నా రోగమా?"

"చెట్టుకేం రోగం, కిందున్న నేల పోతేనూ..." అని ఆగిపోయారు.

గార సిమెంటు కాదనీ, గట్టుని లోపల్నుంచి తినేసేదే అదనీ చెప్పింది. గీకాక సందులు కనిపిస్తాయట. అవి కొత్తగా పడ్డవి కావు, గార కప్పెట్టి ఉంచినవి. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. ఇక చుట్ట సంగతి. ఆ పొగకి చిగుళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోతాయి, అందుకే చుక్క రాలేదు. కాపలాకుక్క మూతి కట్టేసి, అరుపు వినబడలేదు గనక దొంగ రాలేదని నిద్రపోయినట్టన్నమాట. రక్తపరీక్షలో షుగరు కూడా బయటపడింది. షుగరుంటే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగరు మాట వినదు. తగాదాపడ్డ వియ్యంకుల్లా ఒకర్నొకరు రెచ్చగొట్టుకుంటాయి.

నాలుగు విడతల్లో, మత్తిచ్చి, చిగురు కింద వేళ్ళదాకా శుభ్రం చేసింది. మూడు నెలలకి మళ్ళీ రమ్మంది. చుట్ట మానమంటే బాబాయ్ గారు "ఆలోచిస్తానమ్మా" అన్నారు. పొలం బేరంలో కూడా ఆయన ఇంతసేపు ఆలోచించడం నేనెరగను. ఇప్పుడు రోజుకొకటికి దిగారు, ఆ ఒక్కటీ చెవి సందునే ఎక్కువసేపు ఉంటోంది.

కుర్చీ దిగుతూ ఆయన అడిగింది ఒక్కటే: తీసిన గార పొట్లం కట్టివ్వమని. డాక్టరమ్మ నవ్వి, కాస్త దూదిలో చుట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న అరుగు మీద జనం. బాబాయ్ గారు పొట్లం విప్పి, పులస చేప తెచ్చినవాడిలా అందరికీ చూపిస్తున్నారు. "ముప్ఫయ్యేళ్ళదిరా! వేడి, వేడి అంటారు గానీ వేడేవిట్రా? గార! ఇదిగో ఇలా వాలుగా పెట్టి తోమాలి బ్రష్షు, చిగురంచున, రెండు పూటలా..."

లోపల్నుంచి పిన్నిగారి గొంతు వినిపించింది: "కాఫీ గ్లాసులు పెట్టే చోట ఆ దరిద్రం తీస్తారా, నన్ను తియ్యమంటారా?"