ఆల్‌మౌంటెన్ స్కీలు: చెవిన పెట్టకూడని ఆరు సలహాలు

సియాటిల్, డెన్వర్, బే ఏరియాల్లో ఉండే మనవాళ్లు చలికాలం వస్తే పిల్లలతో సహా స్నోక్వాల్మీ, కీస్టోన్, టాహో స్కీ కొండల దారి పడుతున్నారు. కొన్నాళ్లు అద్దె స్కీలతో నేర్చుకుని, ఆకుపచ్చ గుర్తున్న తేలిక వాలులు దాటి నీలం గుర్తు వాలుల మీదికి వచ్చాక చదును వాలుల మీదా మెత్తటి మంచులోనూ పనికొచ్చే ఆల్‌మౌంటెన్ స్కీలు సొంతంగా కొనాలనిపిస్తుంది. ఆ మాట నోటివెంట రాగానే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా ఈ ఆరూ వింటే డబ్బు వృథా అవుతుంది, ఒక్కోసారి మోకాలికే ముప్పొస్తుంది.

1. ‘ఎలాగూ నేర్చుకుంటావు కదా బావా, కాస్త పొడుగువే తీసుకో’

ఎదిగే పిల్లలకి ఒక సైజు పెద్ద చొక్కా కొనడం మనకి అలవాటు. చొక్కా వదులైతే చేతులు మడుచుకోవచ్చు. స్కీ పొడుగైతే మాత్రం కొత్తవాళ్ల మాట వినదు, తిప్పినప్పుడు తిరగదు. వాలు మీద మలుపు తిరగలేకపోతే వేగం మన చేతిలో ఉండదు. చెయ్యి పైకెత్తితే మణికట్టును అందుకోవాలన్న పాత లెక్క తిన్నని అంచుల స్కీల కాలం నాటిది. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్, కొసలు వెడల్పుగా నడుము సన్నగా ఉండే ఎస్‌సీఎక్స్ స్కీలు తెచ్చింది. ఆ ఆకారం వాడుకలోకి వచ్చాక అంత పొడవు అవసరం లేకుండా పోయింది. ఇప్పుడు కొత్తవాళ్లకి గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేవి, నీలం వాలుల మీద నిలదొక్కుకున్నవాళ్లకి ముక్కు నుంచి నుదుటి దాకా వచ్చేవి సరిపోతాయి. మనిషి బరువైతే ఆ హద్దులో పొడవు వైపు, తేలికైతే పొట్టి వైపు మొగ్గండి.

2. ‘వెడల్పువి కొంటే ఏ మంచులోనైనా పనికొస్తాయి’

స్కీ మీద 127-84-111 లాగా మూడు అంకెలు అచ్చువేసి ఉంటాయి. ముందు కొస, నడుము, వెనక కొస ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో అవి చెబుతాయి. చూడాల్సింది మధ్య అంకె. నడుము వెడల్పయ్యే కొద్దీ స్కీ మెత్తటి మంచులో బాగా తేలుతుంది. గట్టి మంచు మీద మాత్రం ఒక అంచు నుంచి రెండో అంచుకి మారడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ శ్రమంతా కాళ్ల మీద పడుతుంది. నేర్చుకునేవాళ్లు రోజంతా గడిపేది యంత్రంతో చదును చేసిన వాలుల మీదే. కాబట్టి వాళ్లకి 75 నుంచి 85 చాలు. కొలరాడో, యూటా, టాహోల్లో తిరుగుతూ కాస్త చెయ్యి తిరిగినవాళ్లు 90 దాకా వెళ్లవచ్చు. వంద దాటినవాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్కీ మీద మీటర్లలో మలుపు వ్యాసార్థం కూడా ఉంటుంది. 13 నుంచి 16 మధ్య ఉంటే మలుపులు తేలిగ్గా వస్తాయి.

3. ‘గట్టివైతే పదేళ్లు మన్నుతాయి’

టైటానల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకు వేసిన గట్టి స్కీలు మంచి వేగంలో వణక్కుండా నిలుస్తాయి. నెమ్మదిగా వెళ్లేవాళ్ల కాళ్లకి అవి వంగవు, వంగని స్కీ తేలిగ్గా మలుపు తీసుకోదు. మెత్తనివో మధ్యరకానివో కొనండి. ముందు కొస కాస్త పైకి లేచి, పాదం కింద విల్లులా వంపున్నవైతే మరీ మంచిది. మన్నిక మీ సంరక్షణను బట్టి ఉంటుంది. ఇంటికి రాగానే తడి తుడిచి ఆరబెట్టండి, లేకపోతే ఉక్కు అంచులు తుప్పు పడతాయి.

4. ‘బూట్లు ఏవైనా ఒకటే, వదులుగా ఉంటే హాయి’

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఇదే. మీ కాలి కదలిక స్కీకి చేరేది బూటు ద్వారానే. లోపల పాదం జారుతుంటే ఎంత మంచి స్కీ అయినా దండగే. షాపులో లోపలి మెత్తటి తొడుగు తీయించి, ఉత్త డిప్పలో పాదం పెట్టండి. వేళ్లు ముందు తగిలేలా జరిపినప్పుడు మడమ వెనక ఒకటి, రెండు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి. తొడుగు పెట్టి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు ఆనాలి, మోకాళ్లు ముందుకి వంచితే వెనక్కి జరగాలి. పల్చటి సాక్సు ఒక్క జతే వేసుకోండి. రెండు జతలు వేసుకుంటే పాదానికి చెమటపట్టి చలి ఇంకా ఎక్కువవుతుంది.

5. ‘బైండింగ్ బాగా బిగించేయ్, స్కీ ఊడదు’

పడ్డప్పుడు స్కీ ఊడాలి. ఊడకపోతే ఆ మెలిక కాలి మీద పడుతుంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి వదలాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీ చేసే తీరు చూసి లెక్కగడతారు. ఆ పని శిక్షణ పొందిన టెక్నీషియన్‌దే. స్క్రూడ్రైవర్ చేతికి దొరికింది కదా అని తిప్పకండి.

6. ‘ఎవరో పాతవి అమ్ముతున్నారు, తీసేసుకో’

చవక నిజమే. కానీ బాగా పాత బైండింగులకి తయారీదారు పూచీ ఉండదు, పూచీ లేనివాటిని చాలా షాపులు ముట్టుకోవు. చవగ్గా కావాలంటే సీజన్ చివర్లో, మార్చి, ఏప్రిల్‌లలో ఆ ఏటి మోడళ్ల మీద తగ్గింపులు చూడండి. కొనేముందు అవే స్కీలు ఒకరోజు అద్దెకి తీసుకుని మీ వాలుల మీదే నడిపి చూడండి.

స్కీల ఎంపిక గురించిన మొదటి మూడు సలహాల్లోనూ ఉన్న పొరపాటు ఒకటే: రేపు మనం ఎలా స్కీ చేస్తామో ఊహించి ఇవాళ కొనమంటాయి. అందుకే షాపులో మీ స్థాయి ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బు తక్కువైతే ముందు కాలికి సరిపడే బూట్లు కొనుక్కుని, స్కీలు ఇంకో ఏడాది అద్దెకే తీసుకోండి.